చేరవలసిన వాడికి తప్ప అందరికీ చేరిన ఉత్తరం

క్రీ.శ. 394–395 ప్రాంతంలో ఆఫ్రికా ఉత్తర తీరాన ఉన్న హిప్పో రేవు పట్టణం నుండి బేత్లెహేముకు పంపాలని ఒక ఉత్తరం సిద్ధమైంది. రాసినవాడు అగస్టీన్. అప్పటికాయనకు నలభై ఏళ్లు. ఇంకా బిషప్పు కాలేదు, హిప్పో సంఘంలో ఒక ప్రెస్బిటరు మాత్రమే. అందుకోవలసినవాడు జెరోమ్. ఆ ఉత్తరంలోని ప్రశ్నకు జెరోమ్ జవాబు రాసేసరికి దాదాపు పదేళ్లు గడిచిపోయాయి. ఈలోగా జరగకూడనిది జరిగింది. ఒక దైవసేవకుడు మరొక దైవసేవకుణ్ణి, నొప్పించాలన్న ఆలోచన ఏ కోశానా లేకుండానే, లోతుగా నొప్పించాడు.

అగస్టీన్ మన సంఘాలకు కొత్తవాడు కాదు. 354లో నేటి అల్జీరియాలోని తగస్తె అనే చిన్న ఊరిలో పుట్టడం, తల్లి మోనికా కన్నీటి ప్రార్థనలు, దారి తప్పిన యవ్వనం, మిలాన్ నగరంలో మారుమనస్సు, 387లో ఆంబ్రోస్ చేతుల మీదుగా బాప్తిస్మం పొందడం, ఇవన్నీ మన ప్రసంగ వేదికల మీద ఎన్నోసార్లు విన్నవే. కృపాసిద్ధాంతంలో లూథర్, కాల్విన్ ఇద్దరూ ఆయనకు ఋణపడినవారే. అయితే మోనికా కుమారుడిగా మనకు తెలిసినంతగా, ఒక జతపనివాడిగా అగస్టీన్ మనకు తెలియదు. జతపనివారితో నెగ్గుకు రావడం ఎంత కష్టమో పరిచర్యలో ఉన్నవారికీ, ఆఫీసులో పక్క కుర్చీవారితో ఏళ్ల తరబడి పనిచేసేవారికీ ఒకరు చెప్పనక్కరలేదు. అందుకే ఈ వారం ఆయన జీవితంలోని ఆ ఒక్క అధ్యాయం వద్దే ఆగాలనుకున్నాము.

జెరోమ్ సంగతి కాస్త చెప్పాలి. అగస్టీన్ కంటే వయసులో పెద్దవాడు. 386 నుండి బేత్లెహేములో మఠం కట్టుకొని స్థిరపడ్డాడు. హెబ్రీ భాష నేర్చి పాత నిబంధనను హెబ్రీ మూలం నుండి లాటిన్‌లోకి తెస్తున్నవాడు. తరువాతి కాలంలో వల్గేట్ అని పేరుపడిన బైబిలులో అధిక భాగం ఆయన కష్టమే. పాండిత్యంలో ఆ తరంలో ఆయనకు సాటి లేదు. ముక్కోపంలోనూ దాదాపు లేరనే చెప్పాలి! బాల్యమిత్రుడైన రూఫినస్‌తో ఒరిజెన్ రచనల విషయమై మొదలైన భేదం, ఇద్దరూ ఒకరిపై ఒకరు పుస్తకాలు రాసుకునేదాకా వెళ్లింది. ఆ గాయం పచ్చిగా ఉన్న రోజుల్లోనే అగస్టీన్ వ్యవహారం ఆయన ముందుకు వచ్చింది.

ఇంతకీ ప్రశ్న ఏమిటి? గలతీ పత్రిక రెండవ అధ్యాయంలో పౌలు అంతియొకయలో పేతురును అందరి ముందు ముఖాముఖిగా గద్దించిన సందర్భం మనకు తెలుసు. అన్యజనులతో కలిసి భోజనం చేస్తూ వచ్చిన పేతురు, యెరూషలేము నుండి కొందరు రాగానే వెనకడుగు వేశాడు. జెరోమ్ తన గలతీ వ్యాఖ్యానంలో, ఒరిజెన్ మొదలైన గ్రీకు పండితులను అనుసరించి, ఆ గద్దింపు నిజమైనది కాదనీ, చూసేవారి మేలుకోసం అపొస్తలులిద్దరూ కలిసి నడిపిన ఒక నటన అనీ రాశాడు. పెద్దవారి గౌరవాన్ని కాపాడాలన్నది ఆయన తాపత్రయం. అగస్టీన్‌కు అది గుండెల్లో గుచ్చుకుంది. అపొస్తలుడు తన పత్రికలో జరగనిదాన్ని జరిగినట్లు రాశాడని ఒక్కచోట ఒప్పుకుంటే, వాక్యంలో తనకు గిట్టని ప్రతి మాటనూ ఎవడైనా అలాగే తోసిపుచ్చవచ్చు కదా అన్నది ఆయన భయం. వేదాంతపరంగా అగస్టీన్ పక్షమే సరైనదని మేము నమ్ముతాము. అయితే సరైన పక్షాన ఉన్నవాడు కూడా తోటివాణ్ణి నొప్పించగలడు.

మొదటి ఉత్తరాన్ని ప్రొఫుతురస్ అనే సహోదరుడు తీసుకువెళ్లాలి. ప్రయాణం మొదలయ్యే లోపే ఆయనను సిర్తా పట్టణానికి బిషప్పుగా ఎన్నుకున్నారు. కొద్దికాలానికే ఆయన కన్నుమూశాడు. ఉత్తరం కదలలేదు. 397 ప్రాంతంలో అగస్టీన్ అదే విషయం మీద ఇంకొంచెం గట్టిగా మరొక ఉత్తరం రాసి వేరొకరి చేతికిచ్చాడు. ఆ మనిషి సముద్రానికి జడిసి ఓడ ఎక్కనే లేదు. ఉత్తరం మాత్రం ఎవరి చేతుల్లోనో పడి, నకళ్లు తయారై, రోమాలోనూ ఇటలీలోనూ చక్కర్లు కొట్టింది. చివరకు సిసిన్నియస్ అనే డీకను ఏడ్రియాటిక్ సముద్రంలోని ఒక దీవిలో, అగస్టీన్ ఇతర రచనల మధ్య, దాని నకలును చూసి జెరోమ్‌కు చేర్చాడు. దాని మీద సంతకం కూడా లేదు. తన పేర రాసిన ఉత్తరాన్ని ఊరంతా చదివాక తాను చూడవలసి వచ్చింది! జెరోమ్ స్థానంలో మనముంటే ఏమనుకుంటామో ఊహించుకోవచ్చు.

పైగా అందులో ఒక చమత్కారం ఉంది. హెలెన్‌ను నిందించి చూపు పోగొట్టుకొని, మళ్లీ ఆమెను పొగిడి చూపు తెచ్చుకున్న స్టెసికోరస్ అనే గ్రీకు కవి కథను గుర్తుచేస్తూ, జెరోమ్ కూడా ఆ వ్యాఖ్యానం విషయంలో అలాగే మాట వెనక్కి తీసుకొని కొత్త పాట పాడాలని అగస్టీన్ కోరాడు. చదువుకున్నవారి మధ్య నడిచే సాహిత్య సరసం అది. ఎదుట కూర్చొని నవ్వుతూ అంటే నవ్వుతూనే పోయేదేమో. కాగితం మీద, పరాయివారి చేతుల మీదుగా వచ్చేసరికి అది ఒక పండితుణ్ణి గుడ్డివాడన్నట్లుగా తోచింది. బేత్లెహేము, యెరూషలేముల్లోని మిత్రులు కొందరు నిప్పుకు ఆజ్యం పోశారు. అగస్టీన్ మనసులో కపటం ఉందనీ, పేరున్న వృద్ధుణ్ణి ఢీకొని పేరు తెచ్చుకోవాలనే ఇలా చేశాడనీ జెరోమ్ చెవిన వేశారు. ఇలాంటి మిత్రులకు ఏ కాలంలోనూ కొరత లేదు.

జెరోమ్‌కు వ్యతిరేకంగా తాను ఒక పుస్తకం రాసి రోమాకు పంపానన్న పుకారు అగస్టీన్‌కు చేరింది. 402 ప్రాంతంలో ఆయన చేసిన మొదటి పని, అది అబద్ధమని రాయడం. పుస్తకమేదీ తాను రాయలేదనీ, తన రచనల్లో ఎక్కడైనా భిన్నాభిప్రాయం కనబడితే అది తనకు తోచింది చెప్పడమే గాని జెరోమ్ మీద దాడి కాదనీ వివరించాడు. అందులో అబద్ధం లేదు. కాని నిజం పూర్తిగానూ లేదు. పుస్తకం లేని మాట వాస్తవమే, ఉత్తరం మాత్రం ఉంది! పుకారు వెనుక ఉన్నది ఆ పాత ఉత్తరమేనని ఆయనకు ఇంకా తట్టలేదు.

ఇక్కడ మా సంగతి ఒకటి ఒప్పుకోవాలి. పరిచర్యలో అడుగుపెట్టిన తొలి రోజుల్లో, ఆరాధన ముగిశాక వరండాలో నిలబడి, ఒక పెద్ద సేవకుని ప్రసంగం నిడివి గురించి మేము తేలికగా ఒక మాట అన్నాము. చీకటి పడేలోపే అది ఆయన చెవిన పడింది. మరునాడు మేము ఆయనతో అన్న మొదటి మాట, మేము అలా అనలేదండీ అని. నిజమే, సరిగ్గా ఆ మాటలే అనలేదు. ఆయన ఆ రోజు ఏమీ మాట్లాడలేదు. ఆ తరువాత కూడా చాలాకాలం మాట్లాడలేదు. తప్పు మన మీదికి వచ్చినప్పుడు మొదట వెతుక్కునేది ఆ మాట ఎక్కడ కచ్చితంగా లేదో అన్నదే. ఎదుటివాడి గాయం వైపు కన్ను మళ్లడానికి టైము పడుతుంది. అగస్టీన్‌కూ పట్టింది.

జెరోమ్ నుండి వచ్చిన జవాబుల్లో మర్యాద ఉంది, మంటా ఉంది. ఆ ఉత్తరం మీదేనా కాదా సూటిగా చెప్పండి, తెలియకుండా ఒక బిషప్పుకు జవాబివ్వడం బాగుండదు అన్న ధోరణిలో రాశాడు. తాను అలసిన పాత సైనికుణ్ణనీ, యువకులు రెచ్చగొడితే ఒక్కోసారి వృద్ధ మల్లుడే గెలుస్తాడనీ వర్జిల్ కావ్యంలోని ముష్టియుద్ధాన్ని గుర్తుచేశాడు. అలసిన ఎద్దు గిట్ట మరింత గట్టిగా మోపుతుందన్న సామెత కూడా జోడించాడు.

ఆ మధ్యలోనే, 403లో, అగస్టీన్ తెలియకుండా పుండు మీద మరో దెబ్బ కొట్టాడు. పాత ఉత్తరాల నకళ్లు జతచేసి, ఈసారి సరిగ్గా చేరేటట్లు పంపిస్తూ, దానితోపాటు ఒక ఊరి ముచ్చట రాశాడు. నేటి లిబియాలోని ట్రిపోలీ నగరాన్ని అప్పట్లో ఓయా అనేవారు. అక్కడి బిషప్పు జెరోమ్ కొత్త అనువాదం నుండి యోనా గ్రంథాన్ని సంఘంలో చదివించాడు. యోనాకు నీడనిచ్చిన మొక్క పేరు తరతరాలుగా తాము విన్నది కాక వేరే పేరు వినిపించేసరికి సంఘం గగ్గోలెత్తింది. విశ్వాసులను పోగొట్టుకొనే పరిస్థితి వచ్చి ఆ బిషప్పు ఊరిలోని యూదులను అడిగి, పాత మాటనే తిరిగి పెట్టవలసి వచ్చింది. మన తెలుగు బైబిలులో అది సొరచెట్టు. పాత లాటిన్‌లోనూ సొరపాదులాంటిదే, జెరోమ్ దాన్ని ఐవీ తీగగా మార్చాడు. ఆముదపు చెట్టు అయి ఉండవచ్చునని నేటి పండితులు చాలామంది అంటారు. మన సంఘాల్లో ఎవరైనా సొరచెట్టును తీసి ఆముదపు చెట్టు అని చదివితే ఏమవుతుందో తెలిసిన కాపరులకు ఓయా బిషప్పు మీద జాలి కలగక మానదు. అగస్టీన్ ఉద్దేశం సంఘంలో కలవరం గురించి హెచ్చరించడమే. కాని పదిహేనేళ్లకు పైగా దీపం వెలుగులో హెబ్రీ అక్షరాలతో కుస్తీ పట్టినవాడికి అది ఎలా వినిపించి ఉంటుంది! పైగా 404 జనవరిలో, జెరోమ్ పరిచర్యకు ఇరవై ఏళ్లు అండగా నిలిచిన పౌలా అనే భక్తురాలు బేత్లెహేములో మరణించింది. ఎవరి గుండెలో ఏ సమాధి తవ్వబడుతున్నదో మనం పంపే ఉత్తరానికి తెలియదు.

404లో అగస్టీన్ మళ్లీ కలం పట్టాడు. ఈసారి రాసిన ఉత్తరం వేరు. చేరవేసేవారి పొరపాట్లు ఆయన చేతిలో ఉన్నాయి. ఒకడు చనిపోయాడు, ఒకడు భయపడ్డాడు, ఎవరో నకలు తీశారు, నా తప్పేముంది అని ముగించేయవచ్చు. న్యాయస్థానమైతే ఆ వాదనతో ఆయనను విడిచిపెట్టేది. ఆయన దాని వెనుక దాక్కోలేదు. జెరోమ్ మాటల్లో ఇంత నొప్పి ఉందంటే ముందుగా తన మాటలు ఆయనను గాయపరచి ఉండాలనీ, లేకపోతే అలాంటివాడు అలా రాయడనీ గ్రహించి, ఆ మేరకు తాను దోషినని ఒప్పుకొని క్షమించమని అడిగాడు. అపార్థం చేసుకున్నారు అనలేదు. మిమ్మల్ని నొప్పించి ఉంటే అంటూ సగం తలుపు తెరిచి నిలబడలేదు. ఎద్దు సామెతను కూడా ఎంత చక్కగా తీసుకున్నాడో చూడండి. ప్రభువు కళ్లంలో నూర్పిడి చేసే ఎద్దు జెరోమ్ అయితే, ఆ గిట్ట తన మీద పడినా ఫరవాలేదు, తన తప్పు అనే పొట్టు నలిగిపోతే చాలు అన్న భావం వచ్చేలా జవాబిచ్చాడు. అవమానంగా వచ్చిన మాటను దీవెనగా తిప్పి పంపడం కొద్దిమందికే చేతనవుతుంది.

ఆ ఉత్తరంలో ఆయన ఎక్కువగా కుమిలిపోయింది తన గురించి కాదు, జెరోమ్ రూఫినస్‌ల గురించి. చిన్ననాటి నుండి ఒకే వాక్యాన్ని కలిసి చదివినవారే శత్రువులుగా మారిపోతే, సముద్రాల అవతల ఒకరి ముఖం ఒకరు చూడని మనకు ఏమి భద్రత అన్న దిగులు అందులో పొంగింది. ఆ ఇద్దరూ ఒక్కచోట దొరికితే వారి పాదాల మీద పడి ఏడ్చి బతిమాలుకుంటానన్నాడు. వాదనలో గెలిచి స్నేహాన్ని పోగొట్టుకోవడం అంటే ఏమిటో ఆయన కళ్లెదుటే ఉంది. అందుకే నొప్పించకుండా ఈ చర్చ సాగదనుకుంటే ఆపేద్దామని కూడా ప్రతిపాదించాడు.

మరొక చిన్న సంగతి. దీన్ని చాలామంది జీవితచరిత్రకారులు దాటిపోతారు గాని మాకు ఇది అన్నింటికంటే విలువైనదిగా తోచింది. ఆ ఉత్తరాన్ని బేత్లెహేముకు చేర్చే ఏర్పాటు చేయమని ప్రెసీడియస్ అనే సహపరిచారకునికి అప్పగిస్తూ, తమ మధ్య నడిచిన ఉత్తరాలను కూడా చూడమని పంపాడు. తాను అనకూడనిది అన్నానా, అనకూడని తీరున అన్నానా చదివి చెప్పమన్నాడు. తప్పు కనబడితే జెరోమ్ వద్ద మళ్లీ క్షమాపణ అడుగుతానన్నాడు. సాధారణంగా మనం మూడవ మనిషికి ఉత్తరాలు చూపించేది మన పక్షానికి సాక్షి కావాలని. ఈయన తన తప్పు పట్టుకోమని చూపించాడు.

జెరోమ్ 404లోనే సుదీర్ఘమైన జవాబు రాశాడు. గలతీ వ్యాఖ్యానం విషయంలో తగ్గలేదు. తనకు ముందున్న పండితుల జాబితా ముందు పెట్టాడు. యోనా మొక్క మీద కూడా ఘాటుగానే బదులిచ్చాడు. నీవు బిషప్పువి, జనులకు బోధించు, నన్ను మఠంలో ఒక మూలన ఉండనివ్వు అన్నట్లు ముగించాడు. కాని కొంత వ్యవధిలోనే మరొక చిన్న ఉత్తరం వచ్చింది. అందులో స్వరం మారింది. వాక్యమనే మైదానంలో ఒకరినొకరు గాయపరచుకోకుండా కలిసి ఆడుకుందామని ఆహ్వానించాడు. మెత్తబడని మనిషి మెత్తబడ్డాడు.

405లో అగస్టీన్ రాసిన జవాబు చాలా పొడవైనది. క్షమాపణ అడిగాను గదా, ఇక సత్యం విషయంలో కూడా రాజీపడదాం అనుకోలేదాయన. పేతురు నిజంగా తప్పు చేశాడు, పౌలు నిజంగా గద్దించాడు, పేతురు దాన్ని దీనత్వంతో స్వీకరించాడు అని మొదటినుండి చివరిదాకా వాదించాడు. పరిశుద్ధ లేఖనాలకు తప్ప, ఎంత పరిశుద్ధుడి రచనకైనా పొరపాటు లేదన్న గౌరవం తాను ఇవ్వలేనని స్పష్టం చేశాడు. గాయానికి క్షమాపణ, ప్రశ్నకు వాదన. రెండింటినీ ఆయన కలగాపులగం చేయలేదు. హోదాలో బిషప్పు ప్రెస్బిటరు కంటే పెద్దవాడే అయినా, అనేక విషయాల్లో అగస్టీన్ జెరోమ్ కంటే చిన్నవాడేనని అదే ఉత్తరంలో ఒప్పుకున్నాడు. పేతురు వంటి పెద్దవాడే చిన్నవాడైన పౌలు దిద్దుబాటును భరించాడన్నది వారి వాదన అంశం. ఆ అంశమే వారిద్దరి జీవితంలో పరీక్షగా నిలిచింది. మొదటి తరగతిలో చదువుకున్న పాఠమే పరీక్షలో ప్రశ్నగా రావడం లాంటిది.

పదేళ్లు గడిచాయి. పెలాజియస్ బోధ పాలస్తీనాలో పాకుతున్న 415లో అగస్టీన్ స్పెయిన్ నుండి వచ్చిన ఒరోసియస్ అనే యువ సేవకుణ్ణి బేత్లెహేముకు పంపాడు. అదే సంవత్సరం జెరోమ్ పెలాజియన్ల మీద రాసిన సంభాషణ గ్రంథంలో, పేతురు కూడా గద్దింపుకు తగినవాడయ్యాడన్న మాట నిజమైన సంఘటనగానే కనిపిస్తుంది. జెరోమ్ ఇప్పుడు తనతో ఏకీభవించినట్లే ఉందని మరుసటి సంవత్సరం అగస్టీన్ వేరొకరికి రాసుకున్నాడు. గెలిచానని ఊరంతా చాటలేదు. 416లో అల్లరిమూకలు బేత్లెహేములోని మఠాల మీద పడి తగులబెట్టాయి. 418 తరువాత జెరోమ్ రాసిన చివరి ఉత్తరాల్లో, ఒకప్పుడు తనకు పోటీదారుడిలా తోచిన ఆ ఆఫ్రికా బిషప్పును విశ్వాస రక్షకుడిగా మనసారా మెచ్చుకున్నాడు. 420లో జెరోమ్ ప్రభువు సన్నిధికి చేరాడు. వారిద్దరూ ఒకరి ముఖం ఒకరు ఎన్నడూ చూడలేదు.

415లో ఒరోసియస్ చేతికిచ్చి పంపిన ఉత్తరాల్లో ఒకటి మనిషిలోని ఆత్మ ఎక్కడినుండి వస్తుంది అన్న కఠినమైన ప్రశ్న మీద రాసినది. అది దాదాపు ఒక చిన్న పుస్తకం. దానికి జవాబు రాసే తీరిక తనకు లేదని జెరోమ్ తెలియజేశాడు. దాని గురించి విన్న ఓప్టాటస్ అనే బిషప్పు తనకు పంపమని కోరాడు. అగస్టీన్ పంపలేదు. జెరోమ్ జవాబు వస్తుందని ఇంకా ఎదురుచూస్తున్నాననీ, అది రాకుండా తన ప్రశ్నను ఒంటరిగా బయట తిప్పడం భావ్యం కాదనీ చెప్పాడు. జెరోమ్ బతికున్నంతకాలం ఆ రచన హిప్పో గడప దాటి ప్రజల్లోకి వెళ్లలేదు. ఆయన మరణించాకే అగస్టీన్ దాన్ని బయటకు ఇచ్చాడు. ఆ సంగతిని తానే, తన రచనలన్నింటినీ మళ్లీ పరిశీలించుకుంటూ 426–427లో రాసిన గ్రంథంలో నమోదు చేసి పెట్టాడు.